పాప మాడు కొట్టుకుంటోంది, ముట్టుకోవచ్చా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాప పుట్టి అయిదు వారాలు. మొదటి కాన్పు. నడినెత్తి మీద మాడు మెత్తగా ఉండి, చూస్తుంటే గుండె కొట్టుకున్నట్టు పైకీ కిందికీ కదులుతోంది. తలస్నానం చేయించేటప్పుడు అక్కడికి రాగానే నా చెయ్యి ఆగిపోతోంది, అందుకని ఆ భాగం వదిలేసి చుట్టూ కడుగుతున్నాను. ఇప్పుడు సరిగ్గా అక్కడే పసుపుపచ్చని పొలుసులు కట్టాయి. మొన్న మా అక్క కొడుకు, వాడికి మూడేళ్ళు, పాపని ముద్దు చేస్తూ తల మీద అరచెయ్యి పెట్టి నొక్కాడు. పాప ఏడవలేదు, కానీ ఆ రాత్రంతా నాకు నిద్ర లేదు. ఏడ్చినప్పుడు మాడు ఉబ్బుతోంది, ఎత్తుకున్నప్పుడు కొంచెం గుంటగా కనిపిస్తోంది. తల వెనక ఇంకొకటి ఉంటుందంటారు, అది నాకు దొరకడమే లేదు. మా ఆడపడుచు కొడుక్కి తొమ్మిది నెలలకే పూడుకుందట, మా అక్క కొడుక్కి ఏడాదిన్నర దాటాక కూడా ఉంది. ఇందులో ఏది మామూలు? మా వారేమో ‘నువ్వు ఊరికే టెన్షన్ పడుతున్నావు’ అంటారు. అసలు ఎప్పుడు టెన్షన్ పడాలో చెప్పండి, చాలు.

సమాధానం: అమ్మా, ముందు మీ అక్క కొడుకు సంగతి తేల్చేద్దాం, మీకు నిద్ర పట్టనివ్వనిది అదే కదా. మూడేళ్ళ పిల్లవాడు ముద్దు చేస్తూ అరచేత్తో నొక్కినంత మాత్రాన పాప మెదడుకి ఏమీ కాదు. ఆ తర్వాత పాప ఎప్పటిలాగే పాలు తాగి, ఎప్పటిలాగే పడుకుని లేస్తోందంటే ఆ విషయం అక్కడితో అయిపోయింది. వాణ్ణి పాప దగ్గరికి రానివ్వకుండా దూరం పెట్టకండి. పక్కనే కూర్చుని, వాడి చెయ్యి పట్టుకుని ‘ఇదిగో, ఇలా మెల్లగా’ అని చూపించండి, బాగానే నేర్చుకుంటాడు.

మాడు అనగానే పుర్రెలో కన్నం ఉందని, కిందే మెదడు తెరుచుకుని ఉందని, వేలు తగిలితే లోపలికి దిగిపోతుందని చాలామంది అనుకుంటారు. అక్కడ లేనిది ఎముక ఒక్కటే, మిగతా పొరలన్నీ ఉన్నాయి. పైన తల చర్మం, దాని కింద ఈ ఎముక నుంచి ఆ ఎముక దాకా బిగుతుగా పరుచుకున్న దళసరి పీచు పొర, దానికి అంటుకుని డ్యూరా అనే ఇంకో గట్టి పొర, ఆ కింద మెదడు చుట్టూ ఉండే నీరు, ఆ తర్వాతే మెదడు. తువాలుతో తుడవడం, మెత్తటి దువ్వెనతో దువ్వడం, టోపీ పెట్టడం, ముద్దు పెట్టుకోవడం, వేళ్ళతో తల రుద్ది కడగడం, ఇలా రోజూ చేసే ఏ పనీ ఆ పొరల్ని చింపలేదు. పిల్లల డాక్టర్లం పాపని చూసిన ప్రతిసారీ అక్కడ వేళ్ళు పెట్టి తడిమి చూస్తాం, అది పరీక్షలో భాగం. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకైతే అల్ట్రాసౌండ్ ప్రోబ్‌కి జెల్ రాసి నేరుగా మాడు మీదే ఆనించి మెదడు లోపల చూస్తాం, కిలో బరువున్న పసికందులకి కూడా. ఎముక అడ్డం లేదు కాబట్టి మెదడులో నీరు ఉండే గదులు ఎంత ఉన్నాయో, లోపల ఎక్కడైనా రక్తం చేరిందో తెర మీద కనిపిస్తుంది. మత్తు ఇవ్వక్కర్లేదు, రేడియేషన్ ఉండదు, చాలాసార్లు పాప నిద్ర కూడా లేవదు. అంత చిన్న పిల్లల మాడు మీద అంత పరికరం పెట్టి చూస్తున్నప్పుడు మీ నురుగు చెయ్యి తగిలితే ఏమవుతుందో అని మీరు హడలిపోవక్కర్లేదు.

నిజంగా భయపడాల్సినవి వేరే ఉన్నాయి, వాటి గురించి ఎవరూ అంతగా హెచ్చరించరని నా బాధ. ఎత్తు నుంచి పడిపోవడం ఒకటి, తలకి గట్టి వస్తువో మొనదేలిన వస్తువో తగలడం ఒకటి. మీ పాపలాగా మూడు నెలల లోపు పిల్లలకి తల మీద దెబ్బ తగిలితే పైకి ఏమీ కనిపించకపోయినా డాక్టరుకి చూపించాల్సిందే. వీటన్నిటికంటే ఘోరమైనది పాపని పట్టుకుని ఊపెయ్యడం. రాత్రంతా ఏడుపు ఆగక, నిద్ర లేక, విసుగొచ్చి భుజాలు పట్టుకుని గట్టిగా ఊపితే పసిమెడ తలని ఆపలేదు, తల ముందుకీ వెనక్కీ కొట్టుకుపోయి మెదడు చుట్టూ రక్తనాళాలు తెగిపోతాయి, చూపు పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. అంత విసుగు వచ్చిన రోజున పాపని మంచం మీద సురక్షితంగా వెల్లకిలా పడుకోబెట్టి, మీరు పక్క గదిలోకి వెళ్ళి అయిదు నిమిషాలు ఊపిరి తీసుకోండి. ఆ అయిదు నిమిషాలు ఏడిస్తే పాపకి ఏమీ కాదు. మీ వారికి కూడా ఈ ముక్క చదివి వినిపించండి.

ఇక అసలు ఈ మెత్తటి చోటు ఎందుకు ఉంటుందంటే, పుట్టేనాటికి పుర్రె పెంకు ఒకే ఎముక కాదు. నుదుటి ఎముక రెండు సగాలుగా ఉంటుంది, పక్కల రెండు, వెనక ఒకటి, ఇంకా చెవుల దగ్గర మరికొన్ని. రెండేసి ఎముకలు కలిసే గీతని కుట్టు అంటాం, రెండు మూడు కుట్లు ఒకచోట కలిసినప్పుడు అక్కడ మిగిలే ఖాళీయే మాడు, డాక్టర్లు ఫాంటనెల్ అనేది దీన్నే. ఇలాంటివి పుట్టినప్పుడు మొత్తం ఆరు ఉంటాయి. నడినెత్తి మీద పెద్దది, వెనక చిన్నది, కణతల దగ్గర రెండు, చెవుల వెనక రెండు. పక్కల ఉన్న నాలుగూ మన చేతికి సరిగ్గా అందవు, వాటి గురించి ఆలోచించే పని లేదు.

కాన్పు సమయంలో తల ఇరుకు దారిలోంచి రావాలి కాబట్టి ఈ ఎముకలు ఒకదాని మీదికి ఒకటి కొంచెం ఎక్కి తల సన్నబడుతుంది, అందుకే మామూలు కాన్పులో పుట్టిన చాలామంది పిల్లల తల మొదట్లో కోలగా సాగినట్టు ఉంటుంది. ఆ రోజుల్లో తడిమితే ఎముక ఎక్కిన చోట సన్నటి గట్టులా కూడా తగులుతుంది, కొద్ది రోజుల్లో సర్దుకుంటుంది. కానీ ఈ ఖాళీల అసలు పని కాన్పుతో అయిపోలేదు, అప్పుడే మొదలైంది. మొదటి ఏడాదిలో మెదడు పరిమాణం దాదాపు రెట్టింపవుతుంది. పుట్టినప్పుడు 35 సెంటీమీటర్లకి కాస్త అటూ ఇటూ ఉన్న తల చుట్టుకొలత మొదటి మూడు నెలలూ నెలకి సుమారు 2 సెంటీమీటర్లు, తర్వాత మూడు నెలలూ నెలకి ఒకటి, ఆ పైన అర సెంటీమీటరు చొప్పున పెరిగి ఏడాది నిండేసరికి 46-47 దాకా వస్తుంది. లోపల అంత వేగంగా పెరిగేదానికి పైన చోటు ఇవ్వాలి కదా, అందుకే ఎముకలు అంచుల దగ్గర కలిసిపోకుండా ఆగుతాయి. మీ పాప మాడు మెత్తగా ఉందంటే ఏదో పూర్తికాక మిగిలిపోయిందని కాదు, ఇప్పుడు అది అలా ఉండాలి.

కొట్టుకోవడం అంటారా, అది మామూలే. గుండె కొట్టుకున్న ప్రతిసారీ మెదడులోకి రక్తం తోసుకొస్తుంది, ఆ తోపుకి మెదడు చుట్టూ ఉన్న నీరూ పొరలూ కొద్దిగా కదులుతాయి, మనకైతే పైన ఎముక ఉంది కాబట్టి కనిపించదు, పాపకి లేదు కాబట్టి కనిపిస్తుంది. ఈ వయసు పిల్లల గుండె నిమిషానికి సుమారు 120 నుంచి 160 సార్లు కొట్టుకుంటుంది, అందుకే ఆ కదలిక మన నాడి కంటే చాలా వేగంగా అనిపించి ఇంకా కంగారు పుడుతుంది. జుట్టు పలచగా ఉన్న పిల్లల్లో బాగా తెలుస్తుంది, ఒత్తుగా ఉంటే అసలు తెలియకపోవచ్చు. కనిపించినా మంచిదే, కనిపించకపోయినా మంచిదే.

వెనకది దొరకడం లేదన్నారు. అది చిన్నది, మూడు మూలల ఆకారంలో, వేలి కొస పట్టేంత ఉంటుంది, చాలామందికి పుట్టినప్పుడే సరిగ్గా చేతికి తగలదు, తగిలినా రెండు మూడు నెలలకల్లా పూడుకుంటుంది. అయిదు వారాలకి మీకు దొరకలేదంటే వెతకడం మానెయ్యండి. వెనకది పెద్దగా తెరుచుకుని ఉంటేనే మేము కొంచెం ఆలోచిస్తాం, పుట్టుకతో థైరాయిడ్ తక్కువగా ఉన్న పిల్లల్లో అలా ఉండొచ్చు. పుట్టిన కొత్తలో మడమ మీద సూదితో గుచ్చి రక్తం చుక్క తీసే పరీక్ష ఉంటుంది, అందులో థైరాయిడ్ కూడా చూస్తారు. మీ పాపకి అది చేశారో లేదో కాగితాల్లో చూసుకోండి, చెయ్యకపోతే ఇప్పుడైనా అడగండి. థైరాయిడ్ లోపం ముందే తెలిస్తే రోజుకో మాత్రతో సరిపోయే విషయం, ఆలస్యమైతే బుద్ధి ఎదుగుదల మీద పడుతుంది.

ఇప్పుడు మీ చేత ఒక పని చేయిస్తాను. పాప పాలు తాగి, మెలకువగా, ఏడుపు లేకుండా ఉన్న సమయం చూసుకోండి. ఒళ్ళో నిటారుగా కూర్చోబెట్టి మెడ వెనక ఒక చెయ్యి ఆసరా పెట్టండి. రెండో చేతి చూపుడు వేలు, మధ్య వేలు కలిపి, గోళ్ళతో పొడవకుండా వేళ్ళ మెత్తటి భాగాన్ని నుదుటి మధ్యలో ఆనించి, మెల్లగా పైకి, వెనక్కి జరుపుతూ రండి. గట్టిగా తగులుతున్న ఎముక ఒకచోట అంచు దగ్గర ఆగిపోతుంది, ఆ పక్కనే వేళ్ళ కింద మెత్తదనం వస్తుంది. అక్కడ ఆగండి. నొక్కకుండా అంచుల వెంబడి వేలు తిప్పితే నాలుగు మూలలూ తెలుస్తాయి, డైమండ్ ఆకారంలో ఉంటుంది. వేళ్ళు అలాగే ఉంచితే కదలిక తగులుతుంది. ఉపరితలం చుట్టూ ఉన్న ఎముకతో సమానంగా కానీ, ఒక పిసరు లోపలికి కానీ ఉంటుంది, మెత్తగా, వేలి బరువుకి కొంచెం లొంగుతూ ఉంటుంది. మీ పాపకి ‘మామూలు’ అంటే ఇది. రోజూ తల కడిగేటప్పుడు ఎలాగూ చెయ్యి తగులుతుంది కాబట్టి దీనికోసం వేరే సమయం పెట్టుకోనక్కర్లేదు, కానీ చేతికి అలవాటు కావాలి. బాగున్న రోజుల్లో మాడు ఎలా ఉంటుందో తెలిసిన తల్లికి అది తేడాగా ఉన్న రోజున ఎవరూ చెప్పక్కర్లేదు, ముట్టుకోవడానికే భయపడి వదిలేసిన తల్లికి ఆ తేడా తెలిసే దారి లేదు. మీ ఉత్తరంలో నాకు కంగారు పెట్టిన మాట ఏదైనా ఉందంటే అది మాడు ఉబ్బుతోందన్నది కాదు, అక్కడికి రాగానే చెయ్యి ఆగిపోతోందన్నది.

మాడు ఎంత ఉండాలి అని కొలతలు పట్టుకుని కూర్చోకండి. పుట్టినప్పుడు సగటున 2 సెంటీమీటర్లకి కాస్త పైన ఉంటుంది కానీ అర సెంటీమీటరు నుంచి మూడున్నర దాకా ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లోనే కనిపిస్తుంది. మొదటి నెలల్లో ఇంకొంచెం పెద్దది కూడా కావచ్చు, ఎందుకంటే అప్పుడు మెదడు పెరిగే వేగం ఎముక పెరిగే వేగాన్ని మించి ఉంటుంది.

ఏడ్చినప్పుడు ఉబ్బడం సంగతి. ఏడ్చినా, దగ్గినా, వాంతి చేసుకున్నా, ముక్కినా తలలో ఒత్తిడి కాసేపు పెరుగుతుంది, మాడు పైకి లేస్తుంది. పడుకోబెట్టినప్పుడు కూడా నిటారుగా ఉన్నప్పటి కంటే నిండుగా కనిపిస్తుంది. అందుకే ఏడుస్తున్న పాపనో పడుకున్న పాపనో చూసి ఉబ్బిందని తేల్చకూడదు. ఏడుపు మాన్పించి, నిటారుగా ఎత్తుకుని, రెండు నిమిషాలు ఆగి అప్పుడు చెయ్యి పెట్టండి. మామూలుగా దిగిపోతే అది ఉబ్బు కాదు. అలా నెమ్మదిగా, నిటారుగా ఉన్నప్పుడు కూడా మాడు పైకి లేచే ఉండి, గాలి నిండా కొట్టిన బంతి మీద వేలు పెట్టినట్టు బిర్రుగా, లొంగకుండా తగిలితే అప్పుడు ఆలస్యం చెయ్యకూడదు, అర్ధరాత్రి అయినా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. మెదడు పొరలకి ఇన్ఫెక్షన్ వచ్చినా (మెనింజైటిస్ అంటారు), లోపల రక్తం చేరినా, మెదడులో నీరు పేరుకున్నా అలా అవుతుంది. జ్వరం, పాలు తాగకపోవడం, లేపినా మత్తుగా ఉండిపోవడం, ఎత్తుకుంటే ఊరుకోకపోగా ఇంకా ఏడవడం, ఆగని వాంతులు, ఫిట్స్, కళ్ళు పైకి తిప్పలేక కిందికే చూస్తూ ఉండిపోవడం, వీటిలో ఏది తోడైనా ఇంకెవరినీ అడుగుతూ కూర్చోవద్దు.

ఇక్కడే ఒక మాట గట్టిగా చెప్పాలి. మాడు ఉబ్బలేదు కాబట్టి ఏమీ లేదు అనుకోకండి. మెనింజైటిస్ ఉన్న పిల్లల్లో చాలామందికి మాడు మామూలుగానే ఉంటుంది. మూడు నెలల లోపు పాపకి 100.4 డిగ్రీలు, అంటే 38 సెల్సియస్, ఆ పైన జ్వరం ఉంటే మాడు ఎలా ఉన్నా, పాప చూడ్డానికి ఎంత బాగున్నా అదే రోజు, ఆ పూటే డాక్టరు చూడాలి. ఇంట్లో ఉన్న జ్వరం చుక్కలు వేసి ‘తెల్లారాక చూద్దాం’ అనుకోవద్దు. ఈ వయసులో ఒళ్ళు చల్లబడిపోయి మందంగా ఉండటం కూడా జ్వరమంత లెక్కే.

ఎత్తుకున్నప్పుడు గుంటగా కనిపిస్తోందన్నారు, పాప హుషారుగా ఉండి, పాలు బాగా తాగుతూ, మూత్రం బాగా పోస్తూ ఉంటే కొద్దిపాటి గుంట మామూలే. మొదటి వారం దాటాక రోజుకి కనీసం ఆరుసార్లు డైపర్ తడవాలి, నేను ముందు అడిగేది ఆ లెక్కే. ఒంట్లో నీరు తగ్గితే మాడు బాగా లోపలికి దిగిపోతుంది, కానీ అది ఒక్కటే దిగదు. నోరు ఎండుతుంది, కళ్ళు లోపలికి పోతాయి, మూత్రం తగ్గి చిక్కటి పసుపు రంగులో వస్తుంది, పాప నీరసంగా, చప్పుడు లేకుండా ఉండిపోతుంది. కన్నీళ్ళు రావడం లేదని మాత్రం ఇప్పుడు చూడకండి, ఈ వయసు పిల్లలు చాలామందికి ఏడ్చినా కన్నీళ్ళు ఇంకా రావు. విరేచనాలు, వాంతులు పట్టుకున్నప్పుడు, ఎండాకాలంలో పాలు తక్కువ తాగుతున్నప్పుడు ఈ గుర్తులు చూసుకోవాలి, ఇలా కనిపిస్తే పాలు ఇంకా తరచుగా పడుతూ ఆసుపత్రికి బయలుదేరండి. మంచినీళ్ళు పట్టకండి, ఆరు నెలల లోపు పిల్లలకి ఉత్త నీళ్ళు మంచి కంటే చెడే చేస్తాయి, రక్తంలో ఉప్పు పలచబడి ఫిట్స్ దాకా వెళ్ళొచ్చు. పైన ఏదైనా రాస్తే, అద్దితే గుంట పూడుతుందని ఎవరైనా చెప్తే వినకండి, లోపల నీరు తగ్గితే లోపలికే నీరు అందాలి.

ఇక మీ ఆడపడుచు కొడుకు, మీ అక్క కొడుకు. ఇద్దరూ మామూలే. మామూలుగా 12 నుంచి 18 నెలల మధ్య పూడుకుంటుందని చెప్తాం కానీ అది చెప్పుకోవడానికి తేలికగా ఉండే మాట, పిల్లలు దానికి రెండు వైపులా చాలా దూరం ఉంటారు. పిల్లల్ని వరసగా గమనించి వేసిన లెక్కల్లో మూడు నెలలకే నూటికి ఒకరికి, ఏడాదికి 38 మందికి, రెండేళ్ళకి 96 మందికి పూడుకుంది. అంటే మొదటి పుట్టినరోజు నాటికి నూటికి అరవై మందికి పైగా పిల్లలకి మాడు ఇంకా తెరుచుకునే ఉంటుంది. పూడుకోవడం అంటే పెరుగుదల ఆగిపోవడం కూడా కాదు, ఎముకల మధ్య కుట్లు చాలావరకు పెద్దయ్యేదాకా కలిసిపోవు, తల ఆ కుట్ల దగ్గర పెరుగుతూనే ఉంటుంది. అందుకే తొమ్మిది నెలలకి పూడుకున్నా తల చుట్టుకొలత పెరుగుదల కార్డులోని గీత మీద సరిగ్గా వస్తుంటే మేము ఏమీ చెయ్యం, చూస్తూ ఉంటాం.

మేము కంగారు పడేది ఎప్పుడంటే, మాడు త్వరగా పూడుకోవడంతో పాటు తల పెరగడం ఆగినా, తల ఆకారం రోజురోజుకీ ఒక వైపుకి లాగినట్టో ఓడలా పొడుగ్గానో మారుతున్నా, కుట్టు వెంబడి గట్టి గట్టులా తగులుతూ వారాలు గడిచినా తగ్గకపోయినా. అది కుట్టు ముందే అతుక్కుపోవడం కావచ్చు, దానికి ఆపరేషన్ ఉంది, మొదటి ఏడాదిలో చేస్తేనే బాగుంటుంది కాబట్టి ‘పెద్దయితే అదే సర్దుకుంటుంది’ అని ఊరుకోకూడదు. రెండో వైపు, రెండేళ్ళు దాటినా పూడకపోతే, లేదా అంతకు ముందే చాలా పెద్దగా ఉండి ఎదుగుదల కూడా వెనకబడితే, విటమిన్ డి లోపంతో వచ్చే రికెట్స్, థైరాయిడ్ లోపం, కొన్ని ఎముకల జబ్బులు, డౌన్ సిండ్రోమ్, తలలో నీరు చేరడం, వీటి కోసం చూస్తాం. మెడ నిలబెట్టడం, కూర్చోవడం, నవ్వడం అన్నీ వేళకి వస్తూ మాడు ఒక్కటే నెమ్మదిగా పూడుతుంటే అందులో జబ్బు ఉండటం అరుదు.

మాడు చిన్నదిగా ఉంది, ఇంకా త్వరగా పూడుకుపోతుందేమో అని విటమిన్ డి చుక్కలు ఆపేసేవాళ్ళని, పూడటం లేదని సొంతంగా కాల్షియం పోసేవాళ్ళని తరచుగా చూస్తుంటాను. రెండూ వద్దు. తల్లిపాలు తాగే పిల్లలకి రోజుకి 400 యూనిట్ల విటమిన్ డి అవసరం, మాడు సైజుని బట్టి దాన్ని మీరు పెంచడం తగ్గించడం చెయ్యకండి.

పొలుసుల సంగతికి వద్దాం, దాన్ని మీరు ఈ వారంలోనే తేల్చుకోవచ్చు. పసిపిల్లల తల మీద జిడ్డుగా, పసుపుపచ్చగా కట్టే ఈ పొలుసులు జబ్బు కాదు, అంటుకునేవి కావు, దురద కూడా పెద్దగా ఉండదు. చర్మం నుంచి జిడ్డు ఎక్కువగా ఊరడం వల్ల చాలామంది పిల్లలకి మొదటి నెలల్లో వస్తాయి. కానీ మాడు దగ్గరే దట్టంగా కట్టడానికి కారణం మీరే చెప్పారు, అక్కడ చెయ్యి పడలేదు. స్నానానికి అరగంట ముందు బేబీ ఆయిల్ రెండు చుక్కలు వేలితో అద్ది, మాడు మీద కూడా, పొలుసులు నాననివ్వండి. తర్వాత గోరువెచ్చటి నీళ్ళు, పసిపిల్లల షాంపూ కొద్దిగా, వేళ్ళ మెత్తటి భాగంతో గుండ్రంగా రుద్దండి. మెత్తటి కుచ్చు ఉన్న బేబీ బ్రష్ ఉంటే దాంతో ఒకే వైపుకి మెల్లగా లాగితే నానిన పొలుసు పొరలు పొరలుగా లేస్తుంది. నూనె పూర్తిగా పోయేలా కడగాలి, మిగిలిపోతే మళ్ళీ దానికే పొలుసు పట్టుకుంటుంది. ఒక్క రోజులో అంతా రాదు, గోటితో గీకకండి, గీకితే కింద చర్మం చిట్లి పుండు పడుతుంది. మాడు చర్మం మిగతా తల చర్మం లాంటిదే, అదే నీళ్ళు, అదే చెయ్యి. ఎర్రబడినా, చీము కారినా, మొహం మీదికి, మెడ మడతల్లోకి పాకినా చూపించండి.

మీరు అడగలేదు కానీ చెప్తాను, తల గుండ్రంగా రావాలని ఎవరు చెప్పినా నొక్కనివ్వకండి, ఎముకల్ని చేత్తో సర్దలేం. తలకి ఆకారం తెస్తాయని అమ్మే దిండ్లు కూడా వద్దు, నిద్రలో ఊపిరికి అడ్డం పడే ప్రమాదం ఉంది. పాపని ఎప్పుడూ వెల్లకిలానే పడుకోబెట్టండి, వెనక తల కాస్త చదునైనా సరే. తల ఒక్కోసారి ఒక్కో వైపు తిరిగేలా పడుకోబెట్టి, మెలకువగా ఉన్నప్పుడు మీ కళ్ళ ముందే కాసేపు బోర్లా వేస్తూ ఉంటే ఆ చదును చాలావరకు తగ్గుతుంది.

టెన్షన్ పడాల్సినవన్నీ పైన చెప్పేశాను, మీరు రాసిన దాంట్లో వాటిలో ఒక్కటీ లేదు. అలాగని మీ వారు అన్నట్టు ఊరికే పడ్డారని కూడా నేను అనను, మొదటి బిడ్డ తల మీద ఏదో కదులుతుంటే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది, తెలిసినవాళ్ళు ఎవరూ విడమరిచి చెప్పకపోతే ఆ భయం పోదు. వచ్చే టీకాకి వెళ్ళినప్పుడు పాప తల చుట్టుకొలత కొలిచి కార్డులో గీత మీద గుర్తు పెట్టమని అడగండి. బరువు, పొడవు రాసి ఇది వదిలేస్తుంటారు, మీరు అడిగి రాయించుకోండి. టేపు కనుబొమ్మల పైన నుంచి తల వెనక బాగా ఉబ్బెత్తుగా ఉన్న చోటు మీదుగా వెళ్ళాలి, రెండు మూడుసార్లు కొలిచి అందులో పెద్ద అంకె రాయాలి. డాక్టరు మాడు తడిమి చూసేటప్పుడు మీ వేళ్ళు కూడా అక్కడ పెట్టి ‘ఇదేనా, ఇంతేనా’ అని అడిగి చూడండి, మీ వారి చేత కూడా పెట్టించండి.